వెన్నుచూపక వెనుకకు మరలిన సేనాని

విజయముతో తిరిగివచ్చిన సేనానికి స్వాగతము పలుకుట లోకమునకు సులువైన పని. తోరణములు కట్టుటకును, జయధ్వానములు చేయుటకును ఎవరును ఆలోచింప నక్కరలేదు. పోరి మడిసినవానికి వీరస్వర్గము కలదని మన పెద్దలు చెప్పిరి. ఈ ఇరువురికిని కథలలో చోటు దొరకును. కాని దేశమంతయు యుద్ధము యుద్ధమని కేకలు వేయుచుండగా, ఇది సమయము కాదని తలచి, సైన్యమును వెనుకకు నడిపించిన సేనానికి ఏమి దొరకును? మన భాగవతములో కాలయవనుడు తరుముకొనిరాగా శ్రీకృష్ణుడు పరుగెత్తెను. గుజరాతు ప్రాంతమునందు ఆయనను 'రణఛోడ్' అను పేరుతోనే నేటికిని కొలుచుచున్నారు. రణరంగమును విడిచిపోయినవాడని ఆ పేరునకు అర్థము. దేవుడు కనుక ఆ పేరు ఆయనకు అలంకారమైనది. మానవమాత్రుడైన సేనానికి అట్టి పేరు వచ్చినచో అది మాయని మచ్చయే యగును.

రష్యాదేశ చరిత్రలో ఈ మచ్చను మోసినవాడు మిఖయీల్ బార్‌క్లే డి టాలీ. 1812వ సంవత్సరమున నెపోలియన్ రష్యాపై దండెత్తిన వృత్తాంతము మనకు తెలిసినదే. టాల్‌స్టాయ్ వ్రాసిన 'యుద్ధము - శాంతి' నవలను చదివినవారికి ఆ వృత్తాంతము అనగానే వృద్ధసేనాపతియగు కుటుజోవ్ మూర్తి కన్నులకు కట్టును. మాస్కో తగులబడుటయు, మంచులో ఫ్రెంచి సైన్యము నశించుటయు మనస్సున మెదలును. కాని కుటుజోవ్ పగ్గములు చేపట్టుటకు పూర్వము రెండు నెలలపాటు ఆ సైన్యమును నడిపి, చెక్కుచెదరకుండ అతని చేతికి అప్పగించినవాడు బార్‌క్లే. అతడు చేసిన పనియేమి, దానికి అతడు చెల్లించిన మూల్యమేమి అను విషయమును కొంత విచారింతము. ఆనాడు రష్యాలో వాడుకలోనున్న పంచాంగము తక్కిన ఐరోపా పంచాంగముకంటె పన్నెండు దినములు వెనుకబడి యుండెను. ఇచట తేదీలన్నియు నేటి పంచాంగము ననుసరించి చెప్పబడినవి.

బార్‌క్లే పూర్వులు స్కాట్లండువారు. 17వ శతాబ్దమున వారు బాల్టిక్ సముద్రతీరమునకు వలసవచ్చి స్థిరపడిరి. అతని తాత రీగా నగరమునకు పురపాలకుడుగా ఉండెను. తండ్రి రష్యా సైన్యములో చిన్న హోదాలో పనిచేసి విరమించెను. బార్‌క్లే 1761లో జన్మించెనని సామాన్యముగా చెప్పుదురు. ఇంట పలుకుబడి జర్మను భాష. మతము లూథరన్ క్రైస్తవము. పసితనముననే అతనిని సెయింట్ పీటర్స్‌బర్గులోని బంధువుల ఇంటికి పంపగా అచటనే పెరిగెను. రష్యాలో ఆనాడు పెద్దయింటి బిడ్డలకు ఎస్టేటులు, వాటితోపాటు వందలకొలది దాసకర్షకులు ఉండెడివారు. ఆస్థానమున చేయూతనిచ్చు బంధువులును ఉండెడివారు. బార్‌క్లేకు ఈ రెండును లేవు. అతనికున్న ఆస్తి అతని ఉద్యోగ మొక్కటియే.

అందుచేత అతని ఉన్నతి మెల్లగా నడచినది. 1778లో మొదటి అధికారి హోదా లభించెను. మేజర్ జనరల్ పదవి 1799లోగాని రాలేదు. ఈ యిరువదియొక్క సంవత్సరములలో అతడు తురుష్కులతోను, స్వీడనువారితోను, పోలండువారితోను జరిగిన యుద్ధములలో పాల్గొనెను. 1788లో నల్లసముద్రతీరమున ఒచాకొవ్ కోటను పట్టుకొనునపుడు అతడు మొదటిసారిగా పై అధికారుల దృష్టిలో పడెను. అచట అతడెవరికి సహాయకుడుగా పనిచేసెనో ఆ అన్‌హాల్ట్ రాజకుమారుడు తరువాత స్వీడను యుద్ధమున ప్రాణములు విడుచుచు తన కత్తిని బార్‌క్లే చేతికిచ్చెననియు, దానిని అతడు జీవితాంతము ధరించెననియు చెప్పుదురు. ఏ మెట్టునకు ఆ మెట్టు కష్టించి యెక్కినవాడగుటచేత సిపాయి తిండి, బట్ట, పాదరక్షలు మొదలగు సంగతులన్నియు అతనికి అనుభవముతో తెలిసినవి. మాటలు మితము, నవ్వు అరుదు. విందులలో గాని, ఆస్థాన సంభాషణలలో గాని అతడు రాణించెడివాడు కాడు.

1807వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో తూర్పు ప్రష్యాలోని ఐలౌ పట్టణమువద్ద నెపోలియన్‌తో ఘోరయుద్ధము జరిగెను. వెనుకకు మరలుచున్న రష్యా సైన్యమునకు అడ్డుగా నిలిచి, వెంటనంటి వచ్చు ఫ్రెంచివారిని ఆపుట బార్‌క్లేకు అప్పగింపబడిన పని. ఆ పనిలో అతని కుడిచేతి ఎముక నుగ్గునుగ్గయ్యెను. ఆ చేయి మరల మునుపటివలె కాలేదు. మేమెల్ పట్టణమున చికిత్స పొందుచుండగా మొదటి అలెగ్జాండర్ చక్రవర్తి స్వయముగా వచ్చి అతనిని పరామర్శించెను. నెపోలియన్ ఎప్పుడైన రష్యాపైకి వచ్చినచో ఎదురుపడి పోరక, అతనిని దేశగర్భమునకు దూరముగా ఈడ్చుకొనిపోయి, అలసటచేతను ఆకలిచేతను కృశింపజేయవలెనని బార్‌క్లే ఆ రోగశయ్యపైననే చరిత్రకారుడగు నీబుర్‌తో చెప్పెనను కథనము కలదు. ఆ మాట అప్పుడే పలికెనో లేదో గాని, తరువాత అతడు చేసినది మాత్రము అదియే.

రెండేండ్ల తరువాత ఫిన్లాండు విషయమై స్వీడనుతో యుద్ధము జరుగుచుండగా అతడు చేసిన సాహసము అతని పేరును దేశమంతట వినిపించెను. 1809 మార్చినెలలో బోత్నియా సింధుశాఖ గడ్డకట్టి యుండెను. ఫిన్లాండు తీరముననున్న వాసా నుండి స్వీడను తీరముననున్న ఊమియో పట్టణమునకు ఆ మంచుమీదుగా నడచిపోవలెను. సుమారు మూడువేల మందితో బార్‌క్లే బయలుదేరెను. దారి లేదు, తుపానులకు బ్రద్దలై మరల గడ్డకట్టిన మంచు గుట్టలు గుట్టలుగా అడ్డుపడుచుండెను. కొన్నిచోట్ల నడుములోతు మంచు. కొన్నిచోట్ల కాలి క్రింద పగుళ్లు. రాత్రియందు నిప్పు రాజవేయకయే సిపాయిలు సముద్రముపై విశ్రమించిరి. రెండు దినములు అట్లు నడచి వారు ఆవలిగట్టు చేరగా ఊమియో పట్టణము లొంగిపోయెను.

ఈ సాహసమునకు ఫలితముగా అతనికి పదాతిదళ జనరల్ హోదాయు, ఫిన్లాండు గవర్నరు జనరల్ పదవియు లభించెను. దానితోపాటు శత్రువులును లభించిరి. హోదాలో తనకు ముందున్న పలువురు ప్రభువంశీయులను దాటి అతడు పైకిపోయెను. రష్యను మాటను అన్యదేశీయునివలె పలుకు ఈ మౌనికి ఇంతటి గౌరవమేమియని వారు గొణుగుకొనిరి. ఆ గొణుగుడు మూడేండ్ల తరువాత గర్జనయై వినబడెను.

1810 జనవరిలో చక్రవర్తి అతనిని యుద్ధమంత్రిగా నియమించెను. నెపోలియన్‌తో సంధి పేరునకు నిలిచియున్నను యుద్ధము తప్పదని ఇరుపక్షముల వారికిని తెలియును. మిగిలిన రెండున్నర సంవత్సరములలో బార్‌క్లే చేసిన పనులు యుద్ధరంగపు విజయములకు తీసిపోవు. క్రొత్త రెజిమెంటులను లేపి సైన్యసంఖ్యను బాగుగా పెంచెను. రీగా, ద్వీన్‌స్క్, బొబ్రూయిస్క్, కీయెవ్ కోటలను బలపరచు పనికి పూనుకొనెను. విదేశములందలి రష్యా రాయబార కార్యాలయములలో సైనిక ప్రతినిధులనుంచి శత్రుసైన్యముల వివరములు సేకరించుటకై మంత్రిత్వశాఖలో ఒక ప్రత్యేక కార్యాలయమును నెలకొల్పెను. యుద్ధకాలమున సర్వసేనాని మొదలు ధాన్యపు గిడ్డంగి గుమాస్తా వరకు ఎవరి అధికారమెంత, ఎవరి బాధ్యతయెంత అను సంగతిని నిర్ణయించు నిబంధనావళి 1812 ప్రారంభమున వెలువడెను. సిపాయిలను కొట్టుటయే క్రమశిక్షణయని తలచు అధికారులను మందలించుచు అతడు ఒక ఉత్తరువును పంపెను. కవాతు సొగసుకంటె గురి తప్పని తుపాకి కాల్పు ముఖ్యమని అతని అభిప్రాయము.

అతడు 1810లోనే చక్రవర్తికొక పత్రమును సమర్పించెను. పశ్చిమ సరిహద్దును ఎట్లు రక్షించుకొనవలెనను విషయము దానిలో చర్చింపబడెను. సరిహద్దువద్దనే తుది పోరాటము చేయరాదు; ద్వీనా, ద్నీపర్ నదుల వరుసను ఆధారముగా చేసికొనవలెను; ఈలోపల శత్రువునకు తిండి, మేత దొరకకుండ చేసి అతని బలమును హరింపవలెను - ఇది ఆ పత్రపు సారాంశము. మాస్కోదాక పోవలసివచ్చునని అతడు గాని మరెవరు గాని అప్పుడు ఊహింపలేదు. కాని దిక్కు మాత్రము నిర్ణయమైనది.

1812 జూన్ 24వ తేదీన నెపోలియన్ సేనలు నీమెన్ నదిని దాటినవి. నాలుగు లక్షలకు పైబడిన ఆ సైన్యములో ఫ్రెంచివారేకాక పోలండు, జర్మను సంస్థానములు, ఇటలీ మొదలగు దేశములవారును ఉండిరి. వారికెదురుగా రష్యా సైన్యము మూడు ముక్కలుగా నిలిచియుండెను. బార్‌క్లే చేతిక్రింద మొదటి సైన్యము సుమారు 1,20,000. బగ్రతియోన్ అధీనమున రెండవ సైన్యము దానిలో సగముకంటె తక్కువ. మూడవది దూరముగా దక్షిణమున. ఈ ముక్కల నడుమ చొరబడి ఒక్కొక్కదానిని విడివిడిగా నలిపివేయవలెనని నెపోలియన్ ఎత్తుగడ. లెక్కలు తెలిసినవానికి బార్‌క్లే కర్తవ్యము స్పష్టమే. మొదట రెండు సైన్యములును కలియవలెను. అంతవరకు పెద్ద యుద్ధమునకు చిక్కరాదు.

కాని లెక్కలతో మాత్రమే పని నడువలేదు. చక్రవర్తి స్వయముగా శిబిరముననుండి సలహాదారుల మాటలు వినుచుండెను. వారిలో ప్రష్యాదేశపు జనరల్ ఫూల్ చెప్పినట్లు ద్వీనా నదీతీరమున డ్రిస్సా అను చోట పెద్ద శిబిరమును నిర్మించిరి. సైన్యము అచట నిలిచినచో చుట్టుముట్టబడి నశించునని బార్‌క్లేయు మరికొందరును పట్టుబట్టగా, దానిని విడిచిపెట్టిరి. జూలై నడుమ చక్రవర్తి సైన్యమును విడిచి రాజధానికి బయలుదేరెను. పోవునపుడు తనకు వేరొక సైన్యము లేదను సంగతిని మరువవద్దని బార్‌క్లేతో చెప్పెనని ఒక సహాయాధికారి వ్రాసెను. ఈ మాటయే బార్‌క్లేకు శాసనమైనది. నగరములు పోయినను తిరిగి దక్కును. ఈ సైన్యము పోయినచో రష్యా పోవును. ఐతే చక్రవర్తి అతనికి రెండు సైన్యములపైనను సర్వాధికారమును వ్రాతమూలముగా ఇచ్చిపోలేదు. భారము పూర్తిగా మోపబడినది. అధికారము సగమే అందినది.

వెనుకకు మరలుట యనగా చెల్లాచెదరై పారిపోవుట కాదు. సైనిక విద్యలో అంతకంటె కష్టమైనది లేదందురు. ప్రతిదినము వెనుకటి దళములు నిలిచి పోరవలెను. ముందరి దళములు దారిలో చిక్కుపడక నడువవలెను. ఫిరంగులు, బండ్లు, గాయపడినవారు, తిండి, మేత అన్నియు వేళకు కదలవలెను. రష్యా సైన్యము నూర్లకొలది మైళ్లు అట్లు నడచి, ఫిరంగులను శత్రువుల పాలు చేయక, వరుస తప్పక నిలిచెను. వెన్నంటివచ్చిన నెపోలియన్‌కో, ప్రతి మజిలీయందును యుద్ధము దొరకుననియు దొరకలేదనియు ఆశానిరాశలే మిగిలినవి. వేసవి యెండలును, జడివానలును, పాడునీరును, రక్తగ్రహణియు, విషజ్వరమును అతని సైనికులను పడగొట్టినవి. పచ్చిమేత తిని గుర్రములు వేలకొలది చచ్చినవి. వచ్చిన దారిని కాచుటకు ప్రతి పట్టణమున కొంత సైన్యమును, ప్రక్కలను కాచుటకు మరికొంతను విడిచిపెట్టుచు రావలసివచ్చెను. నాలుగు లక్షలతో నదిని దాటినవానికి బోరొడినో యుద్ధరంగమున నిలిచినది సుమారు 1,30,000 మంది మాత్రమే. ఈ తరుగుదల అంతయు మంచు కురియకముందే జరిగినదను విషయము గమనింపదగినది.

కాని ఈ లెక్క ఆనాటి రష్యనుల కంటికి కనబడలేదు. వారికి కనబడినది ఒక్కొక్కటిగా శత్రువు పాలగుచున్న ఊరులు, పొగలు చిమ్ముచున్న పంటచేలు, పిల్లలను బండ్లపై నెక్కించుకొని తూర్పునకు పోవుచున్న రైతు కుటుంబములు. సిపాయికి అలసట కంటె అవమానము బరువైనది. ఈ బాధను బిగ్గరగా పలికినవాడు బగ్రతియోన్. అతడు జార్జియా రాజవంశీయుడు, సువోరోవ్ శిష్యుడు, సిపాయిలకు ప్రాణసమానుడు. ఎదుర్కొని పొడుచుటయే అతనికి తెలిసిన యుద్ధము. బార్‌క్లేపై నిందలు మోపుచు అతడు రాజధానికి ఉత్తరములు వ్రాసెను. చక్రవర్తి తమ్ముడు కాన్‌స్టంటైన్ సైతము అందరియెదుట బార్‌క్లేను దూషింపగా, బార్‌క్లే అతనిని సైన్యమునుండి రాజధానికి పంపివేసెను.

ఆగస్టు 3వ తేదీన స్మోలెన్‌స్క్ నగరమువద్ద రెండు సైన్యములును కలిసినవి. నెపోలియన్ మొదటి ఎత్తు తప్పిపోయినది. బార్‌క్లే యుద్ధమంత్రియైనను, హోదా పట్టికలో బగ్రతియోన్ పేరు అతనికంటె ముందుండెను. ఎవరి క్రింద ఎవరు పనిచేయవలెను? బగ్రతియోన్ తన నివాసమునకు వచ్చుచున్నాడని విని బార్‌క్లే పూర్తి సైనిక లాంఛనములు ధరించి, టోపీ చేతపట్టుకొని ఎదురేగెను. ఆ మర్యాదకు మెత్తబడి బగ్రతియోన్ అతని ఆజ్ఞలకు లోబడుటకు అంగీకరించెను. ఆ సఖ్యము కొన్నిదినములు మాత్రమే నిలిచెను. అందరి ఒత్తిడికి లోబడి బార్‌క్లే ముందునకు సాగెను. అంతలో శత్రువు ఏ దిక్కునుండి వచ్చునోయని సందేహించి ఆగెను. మరల సైన్యమును ఇటునటు త్రిప్పెను. అతని సేనానాయకత్వములో లోపమెన్నదలచినవారికి ఈ దినములు తగిన ఆధారము. నెపోలియన్ ఈ సందు చూచి దక్షిణముగా చుట్టివచ్చి స్మోలెన్‌స్క్ గోడల క్రింద నిలిచెను.

ఆగస్టు 16, 17 తేదీలలో ఆ నగరముకొరకు ఘోరముగా పోరిరి. నగరము అంటుకొనెను. రష్యా సేనలు గోడలను విడువలేదు. ఇంకను నిలుతమని జనరళ్లు పట్టుబట్టిరి. కాని నెపోలియన్ నగరమును చుట్టివచ్చి మాస్కో దారిని ఆక్రమించినచో సైన్యమంతయు బోనులో పడును. 17వ తేదీ రాత్రి బార్‌క్లే నగరమును విడువుడని ఆజ్ఞాపించెను. నగర రక్షకురాలని ప్రజలు నమ్మిన దేవమాత చిత్రపటమును సిపాయిలు తమ వెంట తీసికొనిపోయిరి. స్మోలెన్‌స్క్ పుణ్యనగరమని రష్యనుల భావము. దానిని కాలుచుండగా విడిచిపోయినవానిని వారు క్షమింపలేదు. అతని పేరును విరిచి, 'వాగుడేగాని మరేమియు లేదు' అను అర్థము వచ్చునట్లు సిపాయిలు వేళాకోళముగా పిలిచిరి. పరదేశియనిరి, పిరికియనిరి, తుదకు ద్రోహియనిరి. మితభాషియగు సేనాని సిపాయిల యెదుట నిలిచి తన మనస్సు విప్పి చెప్పలేకపోయెను. చెప్పగలిగినను, తన యోచన శత్రువుల చెవిని పడకుండ చెప్పుట యెట్లు?

ప్రజాభిప్రాయమును ఎదిరింపజాలక చక్రవర్తి ఆగస్టు 20వ తేదీన కుటుజోవ్‌ను సర్వసేనానిగా నియమించెను. అరువదియైదేండ్లు దాటిన ఆ వృద్ధుడు రష్యను మాటాడు రష్యనుడు, సిపాయిలతో చతురోక్తులాడగలవాడు. 29వ తేదీన అతడు శిబిరమునకు రాగానే జయధ్వానములు మిన్నుముట్టినవి. అచట పోరుటకు బార్‌క్లే ఒక స్థలమును సిద్ధపరచి యుండెను. కుటుజోవ్ దానిని చూచి - మరల వెనుకకే నడువుడని ఆజ్ఞాపించెను! నిన్నటివరకు ద్రోహమనిపించుకొన్న పని నేడు వివేకమైనది. పనియందు మార్పులేదు, దానిని చేయువానిపై నమ్మకము మారినది. యుద్ధమున నమ్మకము కూడ ఒక బలమే. కుటుజోవ్ సైన్యమునకు తెచ్చినది ఆ బలము.

బార్‌క్లే మొదటి సైన్యాధిపతిగానే మిగిలెను. సెప్టెంబరు 7వ తేదీన బోరొడినోవద్ద జరిగిన మహాయుద్ధమున కుడిప్రక్కయు, నడిమి భాగమును అతని వంతు. ఆ ఉదయము అతడు పతకములన్నియు ధరించి, ఈకల టోపీ పెట్టుకొని, ఎవరు చూచినను ఇతడే సేనానియని గుర్తింపగల వేషముతో గుర్రమెక్కెను. గుండ్లు దట్టముగా పడుచోటికే పోవుచుండెను. అతడెక్కిన గుర్రములు ఒకటి తరువాత ఒకటి కూలినవి. సహాయాధికారులలో పెక్కురు మరణించిరి లేదా గాయపడిరి. అశ్వికదళముల పోరు నడుమకు తానే దూకెను. అతనికి మాత్రము గాయము కాలేదు. మృత్యువును వెదకికొనుచున్నాడని చూచినవారందరును తలచిరి. నిన్నటివరకు అతనిని చూచి మౌనముగా నిలిచిన రెజిమెంటులు ఆనాడు జయధ్వానము చేసినవి. కాలికి ప్రాణాంతకమైన గాయముతగిలి పడిపోయిన బగ్రతియోన్ తన వైరమును మరచి, సైన్యరక్షణ ఇక బార్‌క్లే చేతులలో నున్నదని కబురంపెనని అచటనున్నవారు వ్రాసిరి. ఆ ఒక్కదినమున ఉభయపక్షములలో కలిపి డెబ్బదివేలకు పైగా మరణించిరి, గాయపడిరి.

మరి ఆరు దినములకు మాస్కో వాకిట ఫిలీ గ్రామమున ఒక రైతు గుడిసెలో సేనానుల సభ జరిగెను. మాస్కోకొరకు మరల పోరవలెనా, విడువవలెనా? బార్‌క్లే జ్వరముతో బాధపడుచుండెను. ఐనను స్పష్టముగా నిలిచి, ఎంచుకొన్న యుద్ధస్థలము చెడ్డదనియు, మాస్కోను కాపాడబోయి సైన్యమును పోగొట్టుకొన్నచో రెండును పోవుననియు, సైన్యము నిలిచినచో యుద్ధము నిలుచుననియు వాదించెను. బెనిగ్సెన్ మొదలగువారు అడ్డుచెప్పిరి. కుటుజోవ్ తుదకు బార్‌క్లే పక్షమునే గ్రహించెను. మరునాడు సైన్యము మాస్కో వీధులగుండ నడచిపోవుచుండగా, సిపాయిలు త్రాగుటకు గాని దోచుటకు గాని వరుస తప్పకుండ బార్‌క్లే దినమంతయు గుర్రము దిగక కాచుకొనియుండెను.

తరువాత అతనికి సైన్యములో చేయదగిన పని మిగులలేదు. తన దళములను తనకు తెలుపకయే ఇటునటు మార్చుచుండిరి. ఆరోగ్యమును చెడెను. అక్టోబరు 4వ తేదీన అతడు సెలవు తీసికొని బయలుదేరెను. బండిని తాను కొండపైకి చేర్చితిననియు, ఇక దిగువకు కొంచెము త్రోవచూపిన చాలుననియు వీడ్కోలు చెప్పవచ్చిన అనుచరునితో అనెనట. దారిలో కలూగా పట్టణమున జనులు అతని బండిని గుర్తించి, ద్రోహి ద్రోహియని అరచుచు రాళ్లు రువ్విరని చెప్పుదురు. అప్పటికి నెపోలియన్ మాస్కోలో చిక్కుకొనియున్నాడు. ఆ నెల 19వ తేదీన అతడు మాస్కోను విడిచి తిరుగుముఖము పట్టెను. బార్‌క్లే నాటిన చెట్టు ఫలించిన దినమున ఆ తోటలో అతడు లేడు.

చక్రవర్తి అతనిని మరువలేదు. 1813 ప్రారంభమున బార్‌క్లే తిరిగి సైన్యములో చేరి టోర్న్ కోటను పట్టుకొనెను. ఏప్రిల్ నెలలో కుటుజోవ్ మరణించెను. బౌట్సెన్ యుద్ధము ముగిసిన పిమ్మట రష్యా, ప్రష్యా సేనలకు బార్‌క్లేయే అధిపతియయ్యెను. కుల్మ్ విజయమునకు సెయింట్ జార్జి మొదటి తరగతి పతకమును, లైప్‌జిగ్ మహాయుద్ధమునకు కౌంట్ బిరుదమును, 1814 మార్చి చివర పారిస్ నగరము లొంగినపుడు ఫీల్డు మార్షల్ హోదాను పొందెను. 1815లో ఫ్రాన్సులోని వెర్త్యూ మైదానమున లక్షయేబదివేల రష్యా సైన్యమును ఐరోపా రాజుల యెదుట నడిపించి, ప్రిన్సు బిరుదమును అందుకొనెను. మూడేండ్లకుముందు రాళ్లు రువ్వించుకొన్నవానికి ఇంతకంటె గౌరవము చేయుటకు రాజ్యమువద్ద మరేమియు మిగులలేదు. ఐనను 1812 విజయమునకు కర్తలెవరని అడిగినపుడు ప్రజల నోట అతని పేరు వచ్చెడిది కాదు.

1818లో చికిత్సకై పశ్చిమదేశమునకు పోవుచు, మే 26వ తేదీన తూర్పు ప్రష్యాలోని ఇన్‌స్టర్‌బర్గ్ సమీపమున అతడు మరణించెను. భార్య అతని దేహమును నేటి ఎస్తోనియాలోని తమ ఎస్టేటునకు చేర్చి, 1823లో సమాధిమందిరమును కట్టించెను. అది నేటికిని నిలిచియున్నది.

మరి అతడు ముందే యోచించి వెనుకకు మరలెనా, లేక శత్రుబలమునకు జంకి మరలెనా? ఈ వాదము రెండువందల యేండ్లుగా నడచుచున్నది. 1810 పత్రమును చూపి యోచనయే యనువారున్నారు; స్మోలెన్‌స్క్‌వద్ద తడబాటును చూపి గత్యంతరము లేకయే యనువారున్నారు. రెండింటను కొంత సత్యమున్నది. యోచన అతనిది మాత్రమేయని చెప్పరాదు, చక్రవర్తియు అంగీకరించెను, పరిస్థితులును త్రోసినవి. కాని యోచనను కాగితముపై వ్రాయుట వేరు, ఊరూర శాపములు వినుచు దినదినము ఆచరించుట వేరు. ఎక్కడనో ఒకచోట ఆగి, ఒక్క యుద్ధము చేసి ఓడినచో అతనిని ఎవరును పిరికియని యుండరు, వీరుడనియే యుందురు. ఆ సులువైన కీర్తిని అతడు కోరలేదు.

ఈ సంగతిని మొదట గ్రహించిన పెద్దలలో మహాకవి పూష్కిన్ ఒకడు. శీతకాల ప్రాసాదములోని సేనానుల చిత్రశాలలో జార్జి డా అను ఆంగ్ల చిత్రకారుడు వ్రాసిన బార్‌క్లే చిత్రపటమును చూచి అతడు 1835లో ఒక పద్యము వ్రాసెను. అది మరుసటి యేట ప్రకటితముకాగా కుటుజోవ్ బంధువొకడు ఆగ్రహించి ఆక్షేపణపత్రమును వెలువరించెను. ఒకరిని కీర్తించుట మరొకరిని తగ్గించుట కాదని పూష్కిన్ సమాధానము వ్రాయవలసివచ్చెను. 1837 చివర రాజధానిలోని కజాన్ దేవాలయము ముందర కుటుజోవ్, బార్‌క్లేల విగ్రహములను సమముగా నిలిపిరి. అప్పటికి పూష్కిన్ జీవించిలేడు. 1942లో జర్మనులతో మరల మహాసంగ్రామము జరుగుచుండగా సోవియట్ ప్రభుత్వము కుటుజోవ్ పేర పతకమును నెలకొల్పెను. బార్‌క్లే పేర పతకమేదియు లేదు.

ప్రిన్సు బిరుదము లభించినపుడు బార్‌క్లే వంశచిహ్నముపై రెండు మాటలు చెక్కిరి: విశ్వాసము, సహనము. మొదటిది లేదని దేశము అతనిని నిందించెను. రెండవదానితో అతడు ఆ నిందను భరించెను. కష్టకాలమున మనకు కావలసిన నాయకుడెవరని ప్రజలు తమ్ముతాము ప్రశ్నించుకొనునపుడు, వినుటకు ఇంపైన మాట చెప్పువానితోపాటు, చేదైన పనిని మౌనముగా చేయువానినికూడ ఒకసారి తలచుకొనుట మంచిది. వానికి తోరణములు కట్టకపోయినను, రాళ్లు రువ్వకుండుట మన చేతిలోని పనియే.